మూగప్రాణికి క్యాన్సర్ వస్తే...

గోదావరి సీమలో కుక్క లేని వీధి కనిపించదు. కొబ్బరి తోటకు అదే కాపలా, రొయ్యల చెరువు గట్టుకూ అదే కాపలా. కోనసీమ పెంకుటిళ్ళ అరుగుల మీద ఊరకుక్క పడుకుంటే, రాజమండ్రి, కాకినాడ అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్, పొమేరియన్ కుక్కలు సోఫాల మీద పడుకుంటాయి. జాతి ఏదైనా పదేళ్ళు మన చేతి ముద్ద తిన్న ప్రాణి అది. అలాంటి ప్రాణిని తడిమి చూసి, పశువుల డాక్టరు గారు ‘క్యాన్సర్‌లా ఉందండీ’ అంటే ఆ ఇంట్లో ఎవరికీ నోట మాట రాదు. ‘రాచపుండు’ అని మన పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకున్న జబ్బు అది. ఆ పేరు వినగానే మనిషికి ఆలోచన ఆగిపోతుంది.

సంఘ పరిచర్యలో ఇల్లిల్లూ తిరిగే మాకు ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలుసు. కొందరు ‘ఇక లాభం లేదు’ అనుకుని కుక్కను పెరట్లో ఓ మూలకు నెట్టేస్తారు, లేదా రాత్రివేళ ఊరి పొలిమేర దాటించి వస్తారు. మరికొందరు ప్రేమ కొద్దీ దొరికిన మందులన్నీ మింగిస్తారు. ఆఖరి క్షణం వరకూ సూదులు పొడిపిస్తూనే ఉంటారు. ఈ రెండు దారులూ వేర్వేరుగా కనిపించినా రెండింటిలోనూ ఒకే లోపం ఉంది. ఆ కుక్క ఏం అనుభవిస్తోందని ఎవరూ అడగలేదు. మొదటివారు తమ భయాన్ని చూసుకున్నారు, రెండోవారు తమ దుఃఖాన్ని చూసుకున్నారు. నోరులేని ప్రాణి తరఫున ఆలోచించి, అడిగి తెలుసుకుని, తగిన నిర్ణయం తీసుకుని, చివరిదాకా దాని పక్కన నిలబడటమే యజమాని పని. ఈ వారం మనం మాట్లాడుకోవలసింది దాని గురించే.

కుక్క కోసం ఏడవవచ్చా?

‘మనుషులకే వైద్యం లేదు, కుక్కకు ఇంత అవసరమా?’ అని పక్కింటివాళ్ళు అంటారు. ఆ మాటకు బెదిరి చాలామంది తమ బాధను దాచుకుంటారు. ఆదివారం ప్రార్థన మనవుల్లో చెప్పడానికి సిగ్గుపడతారు.

నాతాను ప్రవక్త దావీదు రాజు మనస్సాక్షిని తట్టి లేపడానికి ఎంచుకున్న కథ గుర్తు చేసుకోండి (2 సమూయేలు 12). ఒక పేదవాడికి ఒకే ఒక్క గొర్రెపిల్ల. అది అతని పిల్లలతో కలిసి పెరిగింది, అతని అన్నంలోనే తిన్నది, అతని గిన్నెలోనే తాగింది, అతని ఒడిలో పడుకుంది, అతనికి కూతురిలా ఉంది. ఆ ప్రేమను ప్రవక్త ఎగతాళి చేయలేదు. అది రాజుకు అర్థమవుతుందని నమ్మాడు గనుకే ఆ కథ చెప్పాడు. రాజుకు అర్థమైంది కూడా. తన పశువు ప్రాణాన్ని పట్టించుకోవడం నీతిమంతుడి గుర్తుల్లో ఒకటని సామెతల గ్రంథం (12:10) చెబుతోంది. నీనెవె పట్టణంపై దేవుడు జాలిపడినప్పుడు ఆ లెక్కలో అక్కడి పశువులు కూడా ఉన్నాయని యోనా గ్రంథం ఆఖరి వచనంలో చదువుతాం. కనుక కుక్క కోసం ఏడ్చినవారు సిగ్గుపడనక్కరలేదు. అయితే కన్నీళ్ళతో ఆగిపోకూడదు. పట్టించుకోవడమంటే పని చేయడం.

ముందు అడగవలసిన ప్రశ్న

ఆ పనిలో మొదటిది ఒక ప్రశ్న. ‘ఇది ఏ క్యాన్సర్?’ ఎందుకంటే క్యాన్సర్ అన్నది ఒక్క జబ్బు పేరు కాదు. కుక్కల్లో వచ్చే క్యాన్సర్లలో కొన్ని కొద్ది వారాల్లో పూర్తిగా నయమవుతాయి. కొన్నింటిని కత్తితో తీసేస్తే సరిపోతుంది. కొన్నింటికి మందులతో నెలలు కలిసివస్తాయి. మరికొన్నింటికి నొప్పి తగ్గించడం తప్ప చేయగలిగింది లేదు. ఏ రకమో తెలియకుండా ఆశ పెట్టుకోవడమూ తప్పే, ఆశ వదులుకోవడమూ తప్పే.

అసలు అది క్యాన్సరేనా అన్న ప్రశ్న కూడా ముఖ్యమే. మన డెల్టాలో ఉక్కపోత, గడ్డీగాదం ఎక్కువ. కుక్కలకు గోమార్లు పడతాయి. గోమార్ల ద్వారా ‘ఎర్లీషియా’ అనే సూక్ష్మజీవి రక్తంలో చేరితే జ్వరం వస్తుంది, కుక్క చిక్కిపోతుంది, గొంతు కింద, మోకాళ్ళ వెనుక బిళ్ళలు వాస్తాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారుతుంది. బిళ్ళలు వాచడమే ‘లింఫోమా’ అనే క్యాన్సర్ లక్షణం కూడా. చూపులకు రెండూ ఒకేలా ఉంటాయి. కానీ మొదటిది డాక్సీసైక్లిన్ అనే మందుతో సాధారణంగా నాలుగు వారాల్లో లొంగే జబ్బు. చేత్తో తడిమి చూసినంత మాత్రాన తీర్పు చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే పరీక్షలు చేయించాలి.

ఆ పరీక్షలు భయపడేవి కావు. సన్నని సూదితో గడ్డలోంచి కొన్ని కణాలు తీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. చాలా కుక్కలకు మత్తు కూడా అక్కరలేదు. అది చాలకపోతే చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. రక్త పరీక్ష, ఛాతీకి ఎక్స్‌రే, కడుపుకు స్కానింగ్ చేస్తే జబ్బు ఎంతవరకు పాకిందో తెలుస్తుంది. ఊళ్ళోని ప్రభుత్వ పశువైద్యశాలలో ఇవన్నీ దొరకవు. కానీ ఎక్కడికి వెళ్ళాలో అక్కడి డాక్టరు గారు చెబుతారు. మనకు దగ్గరలో విజయవాడ పక్కన గన్నవరంలో 1998లో మొదలైన ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. తిరుపతిలో 1955 నుంచి నడుస్తున్న పశువైద్య కళాశాల ఉంది. చెన్నై వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903 నాటిది. కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉంటాయి. అక్కడ చదువు చెప్పే నిపుణులే వైద్యం కూడా చేస్తారు.

బిళ్ళగన్నేరు చెప్పే మాట

మన వీధికుక్కల్లో తరచుగా కనిపించే ఒక క్యాన్సర్ ఉంది. కుక్కలు జతకట్టినప్పుడు, ఒకదాన్నొకటి నాకినప్పుడు అంటుకుంటుంది. మర్మాంగం దగ్గర కాలీఫ్లవర్ పువ్వులా కండ పెరుగుతుంది. నెత్తురు చుక్కలు చుక్కలుగా కారుతుంది. ఆడకుక్క అయితే ఎదకు వచ్చిందని పొరబడతారు. వైద్యులు దీన్ని ‘టీవీటీ’ అంటారు. ఇందులో క్యాన్సర్ కణమే ఒక కుక్క నుంచి మరో కుక్కకు వెళ్ళి నాటుకుంటుంది. 43 దేశాల్లోని కుక్కల నుంచి 546 కణుతులు సేకరించి చేసిన పరిశోధన 2019లో వెలువడింది. ఈ జబ్బు నాలుగు వేల నుంచి ఎనిమిదిన్నర వేల ఏళ్ళ కిందట, బహుశా ఆసియాలో, ఒకే ఒక్క కుక్కలో పుట్టిందని, దాని కణాలే నేటికీ లోకమంతా తిరుగుతున్నాయని అందులో తేలింది. ఇది మనుషులకు అంటదు.

లంక గ్రామం నుంచి వచ్చే మా సంఘ సభ్యుడొకాయన కుక్కకు ఇదే వచ్చింది. నెత్తురు ఓడుతున్న కుక్కను ఇంట్లో పెట్టుకుంటే పిల్లలకు అంటుతుందని చుట్టుపక్కలవాళ్ళు భయపెట్టారు. ‘అయ్యగారూ, గోదారి దాటించి వదిలేయమంటున్నారండి. రేవులోకి తీసుకెళ్ళాను గానీ పడవెక్కించడానికి చేతులు రాలేదండి’ అన్నాడాయన. ‘డాక్టరు గారికి చూపించావా?’ అని అడిగాము. చూపించలేదు. చూపించాక తేలింది టీవీటీ అని. వారానికొకటి చొప్పున ఐదు ఇంజెక్షన్లు పడ్డాయి. రెండో వారానికే నెత్తురు ఆగింది. ఐదో వారానికి కండ మాయమైంది. ఆ కుక్క ఇప్పటికీ ఆయన వెంట తోటకు వెళుతోంది.

ఇది అద్భుతం కాదు, ఆ మందుకు మామూలే. దాని పేరు విన్‌క్రిస్టిన్. టీవీటీ వచ్చిన కుక్కల్లో నూటికి తొంభైకి పైగా దీనితో పూర్తిగా కోలుకుంటాయి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు ఇంజెక్షన్లు సరిపోతాయి. ఆ మందు పుట్టింది మన పెరట్లో, సమాధుల తోటల్లో, రైలు కట్టల పక్కన ఎవరూ నాటకుండానే పూసే బిళ్ళగన్నేరు నుంచి! 1950లలో కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అనే శాస్త్రవేత్తలు ఆ ఆకు మధుమేహానికి పనికొస్తుందేమోనని పరీక్షించారు. దానికి పనికిరాలేదు గానీ, రక్తంలోని తెల్లకణాలను తగ్గించే గుణం బయటపడింది. 1958లో విన్‌బ్లాస్టిన్ అనే మందును వేరుచేశారు. ఆ వెంటనే అమెరికాలో అదే మొక్క నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో దానికి అక్కడ అనుమతి లభించింది. రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు నేటికీ ఇచ్చే మందుల్లో ఇదొకటి. పసిబిడ్డకూ వీధికుక్కకూ ఒకే పువ్వులో మందు ఉండటం చూస్తే సృష్టికర్త ఔదార్యం ఎంతటిదో తెలుస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం తప్పదు. పెరట్లో ఉంది కదా అని బిళ్ళగన్నేరు ఆకు దంచి పసరు పోయకండి. అది విషం. పేరు కలిసిన గన్నేరు అంతకంటే ప్రమాదం. వందల కిలోల ఎండుటాకుల నుంచి ఎంతో శ్రమపడి తీస్తే గాని గ్రాము మందు దొరకదు. కొలత తప్పితే ప్రాణం తీస్తుంది. ఇంజెక్షన్ నరం తప్పి కండలోకి పోతే అక్కడ కుళ్ళిపోతుంది. కనుక అది డాక్టరు చేతి పనే. గడ్డకు సున్నం రాయడం, వాతలు పెట్టడం కూడా ఆ మూగప్రాణిని హింసించడమే.

కత్తితో పోయేవి, ముందే ఆపగలిగేవి

ఆడకుక్కల్లో తరచుగా వచ్చేవి పాల గ్రంథుల కణుతులు. కుక్కకు సాధారణంగా ఐదు జతల చన్నులు ఉంటాయి. వాటి కింద శనగగింజంత గడ్డ మొదలైనప్పుడు ఎవరూ పట్టించుకోరు. నిమ్మకాయంత అయ్యాక, పుండు పడి ఈగలు ముసిరాక తీసుకెళతారు. ఈ కణుతుల్లో దాదాపు సగం క్యాన్సర్ కానివే. మిగిలిన సగంలో కూడా మూడు సెంటీమీటర్లు దాటక ముందే తీసేస్తే మంచి ఫలితం ఉంటుంది. అందుకే ఆపరేషన్‌కు ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి ఊపిరితిత్తులకు పాకిందో లేదో చూస్తారు. నెలకొకసారి కుక్కను ఒడిలో వెల్లకిలా పడుకోబెట్టి పొట్టంతా వేళ్ళతో తడిమి చూడటానికి ఐదు నిమిషాలు చాలు.

దీన్ని చాలావరకు ముందే ఆపవచ్చు. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించని కుక్కలకు ఉండే ముప్పుతో పోలిస్తే, మొదటి ఎదకు ముందే చేయించిన వాటికి ముప్పు 0.5 శాతమేనని, ఒక ఎద తర్వాత చేయిస్తే 8 శాతమని, రెండు దాటాక చేయిస్తే 26 శాతమని 1969లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఆ అంకెలు మరీ అంత ఖచ్చితమా అని తర్వాతివారు ప్రశ్నించారు. అయినా పిల్లలు వద్దనుకునే ఇంట్లో ఆ ఆపరేషన్ చేయించడం మంచిదని, ఏ వయసులో చేయించాలో జాతిని బట్టి అడిగి తెలుసుకోవాలని పశువైద్యులు సలహా ఇస్తారు. టీవీటీ ముప్పు కూడా దీనితో బాగా తగ్గుతుంది.

కొద్ది నెలల కోసమేనా?

ఇప్పుడు కఠినమైన సంగతికి వద్దాం. లింఫోమా వచ్చిన కుక్కకు వైద్యం చేయించకపోతే సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో ప్రాణం పోతుంది. స్టెరాయిడ్ మాత్రలు మాత్రమే ఇస్తే ఒకటి రెండు నెలలు. నాలుగు మందులు కలిపి నెలల తరబడి ఇచ్చే కీమోథెరపీతో పదింటిలో ఎనిమిది, తొమ్మిది కుక్కల్లో జబ్బు తాత్కాలికంగా కనుమరుగవుతుంది. ఎక్కువగా కనిపించే రకంలో బతికే కాలం సుమారు ఏడాది. పెద్ద జాతి కుక్కల కాళ్ళకు వచ్చే ఎముక క్యాన్సర్‌కు కాలు తీసేస్తే నాలుగైదు నెలలు, ఆపైన కీమో కూడా ఇస్తే పది పన్నెండు నెలలు. ఇవన్నీ మధ్యస్థ లెక్కలు. అంటే సగం కుక్కలు అంతకంటే ఎక్కువ కాలం, సగం తక్కువ కాలం బతుకుతాయని అర్థం. మన కుక్క ఏ సగంలో ఉంటుందో ముందుగా చెప్పగలిగేవారు లేరు.

‘చివరికి పోయేదానికి ఇంత ఖర్చా, ఇంత శ్రమా?’ అని అడుగుతారు. ఈ ప్రశ్నకు జవాబు వెతికితే అది మన భీమవరం దాకా వస్తుంది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, కొంతకాలం రాజమండ్రిలో చదువుకుని, ఆపై అమెరికా చేరిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనం ఎరుగుదుము. బోదకాలు నివారణకు మన జిల్లాల్లో ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రల వెనుక ఉన్నది ఆయనే. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే మందులను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పిల్లలకు ఇచ్చారు. 1948 జూన్‌లో ఆ ఫలితాలు ప్రచురితమయ్యాయి. 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అయితే అది తాత్కాలికమే. కొద్ది వారాలు, కొద్ది నెలలు. ఆ తర్వాత జబ్బు తిరగబెట్టింది. సుబ్బారావు గారు అదే ఏడాది ఆగస్టులో న్యూయార్క్‌లో కన్నుమూశారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేడు ఎందరో క్యాన్సర్ రోగులకు మందు. కుక్కల లింఫోమాలో కూడా వాడారు.

ఆ కొద్ది నెలలను ఆనాడు ఎవరూ ‘వృథా’ అనలేదు. మంచం మీంచి లేవలేని బిడ్డ లేచి ఆడుకున్న నెలలవి. కుక్క విషయంలోనూ అడగవలసింది ‘ఎన్ని నెలలు?’ అని మాత్రమే కాదు, ‘ఎలాంటి నెలలు?’ అని. తోక ఊపుతూ గేటు దగ్గర ఎదురుచూసే ఎనిమిది నెలలైతే అవి విలువైనవే. పన్నెండేళ్ళు బతికే ప్రాణికి ఎనిమిది నెలలు తక్కువ కాలమేమీ కాదు. అదే ఎనిమిది నెలలు మూలుగుతూ గడపాల్సి వస్తే అవి మనకోసం దానిచేత మోయించే బరువు.

ఈ వైద్యం మనుషులకు అందడంలో కుక్కల పాత్ర కూడా ఉంది. మూలుగ మార్పిడి వైద్యాన్ని డొనాల్ థామస్ ముందుగా కుక్కల మీదే పరీక్షించి మెరుగుపరిచారు. ఆ కృషికి ఆయనకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. కుక్కకు మనం చేసేది దయ అనుకుంటాం. అందులో కొంత పాత బాకీ కూడా ఉంది.

వైద్యం మొదలుపెడితే

కీమో అనగానే జుట్టంతా రాలి, వాంతులతో నీరసించిన మనిషి రూపం కళ్ళముందు కదులుతుంది. కుక్కల్లో అంతగా ఉండదు. వాటికి మందు మోతాదు తక్కువగా ఇస్తారు. హాయిగా ఉంచడమే అక్కడ ముఖ్య ఉద్దేశం. చాలా జాతుల కుక్కలకు జుట్టు పెద్దగా రాలదు, మీసాలు మాత్రం రాలవచ్చు. రెండు మూడు రోజులు తిండి సయించకపోవడం, విరేచనాలు కొన్నింటికి వస్తాయి. జ్వరం వచ్చినా, పూర్తిగా డీలాపడినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి. మందు ఇచ్చాక రెండు మూడు రోజులపాటు దాని మూత్రంలో, మలంలో మందు అంశాలు ఉంటాయి. చేతికి తొడుగులు వేసుకుని శుభ్రం చేయాలి. గర్భిణులను, చిన్నపిల్లలను ఆ పనికి దూరంగా ఉంచాలి.

మన ఇంట్లో ఉండే నొప్పి మాత్రలు కుక్కకు వేయవద్దు. ఇబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి దాని కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కూడా సొంతంగా ఇవ్వకూడదు. కుక్కలకు సరిపడే నొప్పి మందులు వేరే ఉన్నాయి. అడిగితే డాక్టరు గారు రాసిస్తారు.

ఇక డబ్బు సంగతి. మొత్తం వైద్యానికి ఎంతవుతుందో, ఎన్నిసార్లు ప్రయాణం చేయాలో, దానివల్ల ఎంత మేలు ఆశించవచ్చో మొదటి రోజే అడగండి. అడగడం నామోషీ కాదు. ఆడపిల్ల కాలేజీ ఫీజు ఆపి, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కుక్కకు కీమో చేయించమని దేవుడు ఎవరినీ అడగడు. కీమో భరించలేని ఇంట్లో కూడా చేయగలిగినవి చాలా ఉన్నాయి. నొప్పి మందు, శుభ్రమైన పక్క, పుండుకు కట్టు, మెత్తని అన్నం, చల్లని నీళ్ళు, ఒక మనిషి చెయ్యి. ఇది ఓటమి కాదు, ఇదీ వైద్యమే. గోదావరి దాటించి వదిలేయడానికీ దీనికీ మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత దూరం ఉంది. ఆకలిదప్పులతో అల్లాడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడా.

ఎప్పుడు ఆపాలి?

ఇదే అన్నిటికంటే బరువైన ప్రశ్న. కుక్క నొప్పిని దాచుకుంటుంది. అరవదు. రాత్రిళ్ళు స్థిరంగా పడుకోలేక తిరుగుతూ ఉండటం, ఎండ లేకపోయినా ఒగర్చడం, ఒకేచోట నాకుతూ ఉండటం, ముట్టుకుంటే కసురుకోవడం, ఇష్టమైన ముద్దను వాసన చూసి వదిలేయడం అన్నీ నొప్పి గుర్తులే.

ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశు క్యాన్సర్ వైద్యురాలు 2004లో ఒక తేలికైన లెక్క ఇచ్చారు. ఏడు విషయాలు చూడాలి. నొప్పి అదుపులో ఉందా? తింటోందా? ఒంట్లో నీరు ఉందా? శుభ్రంగా ఉండగలుగుతోందా? సంతోషంగా ఉందా? లేచి తిరగగలుగుతోందా? చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా? ఒక్కోదానికి పదికి ఎన్ని మార్కులో వేయాలి. మొత్తం డెబ్బైకి ముప్పై అయిదు దాటితే ఇంకా కొనసాగించవచ్చు. ఇంటిల్లిపాదీ వేర్వేరుగా మార్కులు వేసి పోల్చుకుంటే మంచిదని మేము చెబుతుంటాము. ప్రేమ ఎక్కువైనవారి కళ్ళకు కనపడనిది మరొకరికి కనపడుతుంది. గోడమీది క్యాలెండర్‌లో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు ఒక గుర్తు పెట్టుకున్నా చాలు.

ఆ లెక్క కిందికి దిగి, మందులు నొప్పిని ఆపలేని స్థితి వస్తే, డాక్టరు గారు నొప్పి లేకుండా నిద్రపుచ్చే మార్గం ఉంది. ముందు మత్తు ఇస్తారు, తర్వాత మరో ఇంజెక్షన్‌తో ఊపిరి ఆగిపోతుంది. ‘ఇది హత్య కాదా పాస్టరు గారూ?’ అని కన్నీళ్ళతో అడిగినవారు ఉన్నారు. మనిషి ప్రాణం విషయంలో సంఘం చెప్పే మాట వేరు. పశువుల మీద మనిషికి అప్పగించిన అధికారం వాటి బాధకు జవాబు చెప్పే బాధ్యత కూడా. తీరని బాధను ముగించడం ఆ బాధ్యతలో భాగమేనని మా నమ్మకం. అయితే అది విసుగుతోనో, ఖర్చు తప్పించుకోవడానికో తీసుకునే నిర్ణయం కాకూడదు. ఆ గదిలోంచి బయటికి వెళ్ళిపోకండి. పదేళ్ళు మీ గొంతు విని బతికిన ప్రాణి అది. చివరిగా వినవలసింది కూడా మీ గొంతే.

ఇంట్లో పిల్లలకు, మనసులోని ప్రశ్నకు

‘మా ఇంట్లో ఏదో పాపం ఉండబట్టే దీనికి ఇలా అయిందా?’ అని కొందరు కుమిలిపోతారు. పుట్టుగుడ్డివాడిని చూసి ఎవరు పాపం చేశారని శిష్యులు అడిగినప్పుడు యేసు ఆ లెక్కనే తోసిపుచ్చాడు (యోహాను 9). సృష్టి యావత్తూ ప్రసవవేదన పడుతున్నట్టు మూలుగుతోందని పౌలు రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో రాశాడు. మీ అరుగు మీది కుక్క మూలుగు కూడా అందులోదే. అది మీకు పడిన శిక్ష కాదు.

పిల్లలకు అబద్ధం చెప్పకండి. ‘ఎవరికో ఇచ్చేశాం’ అంటే వాళ్ళు ఏళ్ళ తరబడి గేటు వైపు చూస్తారు. దానికి పెద్ద జబ్బు చేసిందని, డాక్టరు గారు చేయగలిగింది చేశారని, ఇక నొప్పి లేదని చెప్పండి. చిన్న పనులు వాళ్ళకు అప్పగించండి. నీళ్ళగిన్నె నింపడం, మందు వేళ గుర్తుచేయడం. రోగి పక్కన కూర్చోవడం ఎలాగో వాళ్ళు అక్కడే నేర్చుకుంటారు. రేపు మన మంచం పక్కన కూర్చోవలసింది వాళ్ళే కదా! ‘అది దేవుడి దగ్గరకు వెళ్ళిందా?’ అని అడిగితే, జలప్రళయం తర్వాత దేవుడు నోవహుతో చేసిన నిబంధనలో ఓడలోంచి బయటికి వచ్చిన జంతువులన్నిటినీ చేర్చుకున్నాడని (ఆదికాండము 9) చదివి వినిపించండి. చేసినవాడు మరచిపోడని చెప్పండి.

ప్రార్థన చేయండి. కుక్క పేరు పెట్టి చేయండి. డాక్టరు చేతికి నేర్పు, మీకు వివేకం, దానికి ఉపశమనం అడగండి. ప్రార్థన ముగించాక లేచి వెళ్ళి దాని పొట్ట కింద, గొంతు కింద, కాళ్ళ సందుల్లో వేళ్ళతో నెమ్మదిగా తడిమి చూడండి. శనగగింజంత గడ్డ చేతికి తగిలితే రేపటికి వాయిదా వేయకండి.